పడ్డ కర్ర తియ్యని ఆట

ఫిబ్రవరి 6

తప్పు చేసింది లైసెన్సింగ్ బోర్డు. రాజధానిలో వెచ్చటి గదిలో కూర్చున్న ఐదుగురు. వాళ్ళలో ఒక్కరైనా చలికాలంలో మా లోయలోకి వచ్చి ఉండరు. వచ్చి ఉంటే లోరెట్ ఫెక్తోకి ఆ ఉత్తరం రాసేటప్పుడు చెయ్యి ఆగేది.

ఉత్తరంలో ఉన్నది ఇంతే. ఆమె కౌంటీ వృద్ధుల హోమ్‌లో సహాయకురాలు మాత్రమే, లైసెన్సు ఉన్న రిక్రియేషనల్ థెరపిస్టు కాదు, కాబట్టి ఆటలతో రోగులకి చేస్తున్న చికిత్స వెంటనే ఆపాలి. మా డైరెక్టర్ అది చదివి, గురువారం బౌలింగ్ రద్దు అని భోజనాల గది తలుపు మీద అంటించాడు. ఎవరిదో చేతి తొడుగు పోయింది, దొరికితే ఇవ్వండి అని అంటించినట్టు.

ముసలాళ్ళతో బంతి వేయించడానికి లైసెన్సు కావాలట. రేపు ఊయల ఊపడానికి కావాలంటారు, ఎల్లుండి జోకు చెప్పడానికి. ఊరంతా ఆమెని ఆటల డాక్టరమ్మ అంటుంది. ఊరు ఇచ్చిన పట్టా చాలదా?

తాతకి పక్షవాతం వచ్చి, ఈ హోమ్‌లో చేరి రెండేళ్ళయింది. ఓవిలా బొల్డుక్ అంటే పేపరు మిల్లులో మూడో మెషిన్ హోరులోనూ వినపడే గొంతు. ఇప్పుడు ఆ గొంతులో "ఆఁ" తప్ప మరేమీ లేదు. కానీ గురువారం మధ్యాహ్నం, గాస్టన్ నడిపే బౌలింగ్ లేన్ల దగ్గర లోరెట్ పక్కన నిలబడితే మాట్లాడతాడు. రెండు మూడు మాటలే. అయినా మాటలే కదా అవి. హోమ్ వ్యాను నడిపేది నేనే కాబట్టి ప్రతి వారం నా చెవులతో విన్నాను. ఆ ఒక్క మధ్యాహ్నాన్నీ ఇప్పుడు లాక్కున్నారు.

జనవరిలో ఒకసారి తాత కాలు తడబడింది. అంతే. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఫిబ్రవరి 8

డెక్‌స్టర్ టైర్ల షాపుకి వెళ్ళాను. నాకు బుద్ధి వచ్చిందంటే ఆ షాపు కౌంటరు మీద కరపత్రాలు చదివే వచ్చింది. మంగలికి లైసెన్సు, గోళ్ళు తీసేవాళ్ళకి లైసెన్సు, పువ్వులు కట్టేవాళ్ళకి లైసెన్సు, వీటన్నిటి వెనక ఎవరు లాభపడుతున్నారో అన్నిట్లో రాసి ఉంటుంది. బోర్డు ఉత్తరం సంగతి చెప్పగానే డెక్‌స్టర్ కళ్ళు వెలిగాయి.

"అదృష్టవంతుడివోయ్ రేయల్. ఆ బోర్డునే ఎత్తేసే బిల్లు ఒకటి వచ్చింది. మార్చిలో రాజధానిలో శాసనసభ్యులు జనం మాట వింటారు. మనకి కావలసింది ఒక ముసలావిడ. ఏడిస్తే ఇంకా మంచిది."

"ఆవిడ ఏడవదు."

"అయితే నువ్వు ఏడువు."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కానీ ఇరవై కరపత్రాలు తెచ్చుకున్నాను. ఒకటి విట్‌కోమ్ కారు అద్దం మీద పెట్టాను. ప్రిసిల్లా విట్‌కోమ్, దక్షిణం నుంచి వచ్చిన, లైసెన్సు ఉన్న థెరపిస్టు పిల్ల. సోమవారం, శుక్రవారం హోమ్‌కి వచ్చి పరుగులాంటి నడకతో తిరిగి వెళ్ళిపోతుంది. బోర్డుకి ఫిర్యాదు రాసింది ఆమే అయి ఉంటుంది. ఇంకెవరు రాస్తారు?

ఫిబ్రవరి 9

గురువారం. తాత కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, కిటికీ దగ్గర కుర్చీలో వ్యాను కోసం చూస్తూ కూర్చున్నాడు. వ్యాను నడిపేది నేనే. నేను ఆయన పక్కనే కూర్చున్నాను.

ఫిబ్రవరి 12

ఆదివారం. మంచు. ఎక్కడికీ వెళ్ళలేదు.

మిల్లు ఉన్న రోజుల్లో ఊరికి ఒక వాసన ఉండేది. కుళ్ళిన కోడిగుడ్ల వాసన. నేను దాన్లోనే పుట్టాను కాబట్టి చాలాకాలం గాలి అంటే అదే అనుకున్నాను. మిల్లు మూసేశాక ఒక పొద్దున్న ఆ వాసన లేదు. ఊరు శుభ్రపడిందని ఒక్కరూ అనలేదు. నానమ్మ తలుపు తీసి, గాలి పీల్చి, మళ్ళీ వేసేసింది.

అప్పట్లో చలికాలమంతా గాస్టన్ లేన్ల మీద మిల్లు లీగ్ జరిగేది. ఒక్కో మెషిన్‌కి ఒక్కో జట్టు. మూడో మెషిన్ వాళ్ళవి ఆకుపచ్చ చొక్కాలు. తాత జేబు మీద "ఓవిలా" అని నానమ్మ పసుపు దారంతో కుట్టింది. నన్ను స్కోరు బల్ల మీద కూర్చోబెట్టి, పంది మాంసం కూరిన రొట్టె ముక్క ఒకటి చేతిలో పెట్టి తాత ఆడుకోడానికి వెళ్ళేవాడు. సిగరెట్ పొగ, తడి ఉన్ని, మైనం రాసిన చెక్క. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ ఆ బల్ల మీదే ఉన్నాను.

దక్షిణం వాళ్ళు వేళ్ళు దూర్చే పెద్ద బంతితో ఆడతారు. ఒక్క దెబ్బకి అన్నీ కూలిపోవాలి వాళ్ళకి. కూలినవాటిని యంత్రం వచ్చి ఊడ్చుకుపోతుంది. మాది అది కాదు. మాది అరచేతిలో పట్టే చిన్న బంతి. సన్నటి పది కర్రలు, మూడు అవకాశాలు. పడ్డ కర్రని తియ్యరు. అది అక్కడే పడి ఉంటుంది. తెలిసినవాడు రెండో బంతిని ఆ పడ్డ కర్రకి తగిలిస్తాడు, అది దొర్లి నిలబడినవాటిని పడేస్తుంది. కొత్తగా ఆడేవాళ్ళు నిలబడినవాటినే చూస్తారు. తాత వెనక నుంచి అరిచేవాడు: "కర్ర వాడుకో, పడ్డ కర్ర వాడుకో."

గురువారాల్లో ఆయన నోట వచ్చే మాటలూ అవే. "కర్ర వాడుకో." లోరెట్ ఎంత చెడ్డగా వేస్తుందంటే, పాపం, చూడలేక అనేస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఆటలతోనే బతికిన మనిషి, బంతి నేరుగా వెయ్యడం ఇంకా రాలేదు.

ఫిబ్రవరి 16

లోరెట్ ఇంటికి వెళ్ళాను. శనివారానికి బీన్స్ నానబెట్టాలని ఏరుతోంది. రెండు రోజుల ముందే ఏరి పెట్టుకునే మనిషి. నన్ను చూడగానే సగం నా ముందుకి తోసింది.

"రాళ్ళు తియ్యి. నోరు ఖాళీగా ఉన్నా చేతులు ఖాళీగా ఉండకూడదు."

"మదామ్, మీకు కోపం రావట్లేదా?"

"వచ్చింది. దుప్పట్లన్నీ ఉతికాను. పోయింది."

"నాకు పోలేదు."

"మీ ఇంట్లో దుప్పట్లు తక్కువ."

బిల్లు సంగతి చెప్పాను. రాజధానికి రమ్మన్నాను. మీరు నోరు విప్పితే చాలు, ఆ బోర్డు ఉండదన్నాను. ఇంకో గుప్పెడు బీన్స్ ముందుకి లాక్కుంది. తర్వాత, "వాళ్ళు జనం మాట వినే ఆ గదిలోకి నేనొకసారి వెళ్ళాను. నువ్వు పుట్టక ముందు. ఆకుపచ్చ రిబ్బన్లు కట్టుకుని బస్సు నిండా వెళ్ళాం. దారంతా పాటలు. డ్రైవర్ కూడా పాడాడు," అంది. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. పెళ్ళి ఫోటోలో ఉండే మొహం అది.

"దేనికి వెళ్ళారు?"

"వస్తాన్లే అబ్బాయ్. ఏం చెప్పాలో నాకు తెలుసు."

గెలిచాం. ఆమె వస్తుంది. ఫిర్యాదు విట్‌కోమే రాసిందని అంటే మాత్రం మాట మార్చి, ఈ ఏడు మేపుల్ చెట్ల పాకం ఆలస్యమవుతుందేమో అంది. మంచి మనిషి, ఎవరి పేరూ చెప్పదు.

ఫిబ్రవరి 23

గురువారం. తాతని నేనే తీసుకెళ్ళాను, నా సొంత కారులో. మనవడు తాతని బయటికి తీసుకెళ్ళడానికి ఏ బోర్డు అనుమతీ అక్కర్లేదు.

గాస్టన్ మూలనున్న లేన్ తెరిచి దీపాలు వేశాడు. తాత చేతిలో బంతి పెట్టాను. మంచి చేతిలో, ఎడమ చేతిలో. "వెయ్యి తాతా," అన్నాను. వేశాడు, లేన్ పక్క గాడిలో పడింది. "ఏదైనా అను తాతా. కర్ర వాడుకో అను." నన్ను చూశాడు. "అనవా? క-ర్ర. అను." ఆయన మొహం ఎర్రబడింది. మళ్ళీ బంతి ఇచ్చాను. నేలకేసి వదిలేశాడు. నేను బాగా ఆడి చూపించాను. మూడు బంతుల్లో తొమ్మిది కర్రలు. ఆయన గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

గాస్టన్ బల్ల తుడుస్తూ అంతా చూశాడు.

"నువ్వు అంత బాగా ఆడితే ఆయన ఏమంటాడోయ్?"

"అంటే?"

"లోరెట్ ఎప్పుడైనా అడిగిందా, మాట్లాడు మాట్లాడు అని? కుడి పక్కన నిలబడుతుంది, చచ్చుబడిన వైపు. ముందు ఆ చేతిలో బంతి పెట్టి కాసేపు ఊరుకుంటుంది. తర్వాత తను వేస్తుంది. పడ్డ కర్ర సరిగ్గా దారిలో ఉంటుంది, పసిపిల్లాడైనా దాన్నే కొడతాడు. ఆవిడ మాత్రం దాన్ని వదిలేసి ఎక్కడికో వేస్తుంది. ఓవిలాకి ఒళ్ళు మండుతుంది."

"ఆమెకి ఆడటం రాదు."

గాస్టన్ గుడ్డ భుజాన వేసుకుని నన్ను కౌంటరు వెనక్కి తీసుకెళ్ళాడు. గోడ మీద పాత ఫోటో. ఆడవాళ్ళ లీగ్. మధ్యలో కప్పు పట్టుకుని, నల్లజుట్టుతో, నవ్వుతూ లోరెట్.

"ఈ కౌంటీలో ఆవిణ్ణి ఓడించిన ఆడది లేదు. మగాళ్ళని అడిగితే దగ్గొస్తుంది."

ఫిబ్రవరి 24

గాస్టన్ కోతలరాయుడు. అందరికీ తెలుసు.

ఫిబ్రవరి 25

మరి ఆ కప్పు?

మార్చి 7

రాజధాని. నా ప్రసంగం మూడు వారాలు రాశాను. బల్ల వెనక శాసనసభ్యులు, ఇవతల కుర్చీల్లో జనం. డెక్‌స్టర్ వాళ్ళు ముందు వరసలో. విట్‌కోమ్ వెనక గోడకి ఆనుకుని నిలబడింది. నా పేరు పిలిచారు.

బాగానే మాట్లాడాను.  "ఈ గదిలో ఒక స్త్రీ ఉంది. ముప్పై ఏళ్ళు మా ఊరి వృద్ధులకి నవ్వు పంచింది. మీ చట్టం ఆమెని నేరస్థురాలిని చేసింది," అన్నాను. డెక్‌స్టర్ చప్పట్లు కొట్టాడు. తర్వాత లోరెట్ లేచింది. చర్చికి వేసుకునే నీలం కోటు. దానికి, ఇప్పుడు చూశాను, వెలిసిపోయిన ఆకుపచ్చ రిబ్బన్ ముక్క.

ఆమె అన్నది అన్నట్టుగా రాస్తున్నాను. మర్చిపోకూడదు.

"ఈ అబ్బాయి చెప్పిన ముసలిదాన్ని నేనేనండి. పొగిడినదాంట్లో సగం నిజం, సగం వాడి ప్రేమ. నా చదువైన కొత్తల్లో పెద్ద ప్రభుత్వాసుపత్రిలో పనిచేశాను. అక్కడ లాండ్రీలో ఒకాయన ఉండేవాడు. మంచివాడు, అందరికీ ఇష్టం. ఆయన మెడలో ఈల వేసి, నువ్వు ఈత థెరపిస్టువి అన్నారు. ఆ రోజుల్లో ఎవర్నయినా అనొచ్చు. లియో అనే రోగికి మూర్ఛలు వస్తాయని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పి తీరాలని ఎక్కడా లేదు కదండీ. లియో నీళ్ళల్లోంచి లేవలేదు. ఆ లాండ్రీ ఆయన మళ్ళీ నీళ్ళ దగ్గరికే వెళ్ళలేదు. ఇద్దరు పోయారనే లెక్క. ఆ తర్వాతే మేం బస్సెక్కి ఈ గదికి వచ్చి ఈ చట్టం అడిగాం. మీరు ఇచ్చారు. మావారు మంచాన ఉన్న ఆరేళ్ళు నా లైసెన్సు నేనే కొనసాగించుకోలేదు. అది నా సంగతి. చట్టం ఉంచండి."

బల్ల వెనక ఒకాయన కళ్ళజోడు తీసి అడిగాడు, "మేడమ్, ఈ చట్టం మీ మీదే పనిచేసింది. అయినా ఉంచమంటారా?"

"పనిచేసిందని మీరే అంటున్నారు కదండీ."

అందరూ నవ్వారు. నేను నేల చూశాను.

మార్చి 8

నిన్న తిరుగు ప్రయాణం రాయలేదు. రాయాలి.

నా కారులో సరస్సులు దాటాం. ఆమె సంచిలోంచి డోనట్ తీసి ఇచ్చింది. వద్దన్నాను. నా ఒళ్ళో పెట్టింది.

"నన్ను వెర్రివాణ్ణి చేశారు మదామ్."

"నువ్వు బాగా మాట్లాడావు. చేతులు మాత్రం అంత ఊపకు, మిల్లు యూనియన్‌లో మీ తాత అలాగే ఊపేవాడు. ఒకసారి పక్కవాడి కాఫీ ఒలికింది."

"మీకు తెలిసి నన్ను ఎందుకు మాట్లాడనిచ్చారు?"

"నీకు మాట్లాడే హక్కు లేదా? కరపత్రాలు అంతే నేర్పాయా?"

 కొండల మీద చీకటి ఇంకా పడలేదు. చెట్లకి పాకం బక్కెట్లు కట్టేశారు.

"బోర్డుకి రాసింది ఎవరు?" అన్నాను.

"నేనే."

కారు పక్కకి ఆపాను.

"విట్‌కోమ్‌ని రాయమన్నాను. ఆ పిల్ల ఏడ్చింది, రాయనంది. అందుకని నేనే రాసుకున్నాను. ఫలానా లోరెట్ ఫెక్తో లైసెన్సు లేకుండా థెరపీ చేస్తోంది, ఆపించండి అని. డైరెక్టర్‌కి ముందు రెండుసార్లు చెప్పాను, లైసెన్సు ఉన్నవాళ్ళని నా మీద పెట్టండి అని. అంతా బాగానే సాగుతోంది కదా అన్నాడు."

"ఎందుకు?"

"జనవరిలో ఆ వారం ఓవిలా మందు మార్చారు. లేచి నిలబడితే కళ్ళు తిరిగే మందు. థెరపిస్టుకైతే రోగి మందుల చార్టు చూపిస్తారు. సహాయకురాలికి చూపించరు. చూపించకూడదు కూడా. నేను అటు తిరిగి బంతి వేస్తున్నాను. వెనక చప్పుడైంది. నువ్వు కూడా విన్నావు."

"కాలు తడబడింది," అన్నాను.

ఆమె నా మొహం చూసింది. కోపం లేదు. అదే తట్టుకోలేకపోయాను.

"చెడ్డగా ఆడటం నేర్చుకోడానికి నాలుగేళ్ళు చదివానురా అబ్బాయ్. ఎంత చెడ్డగా, ఎవరితో, ఎప్పుడు ఆపాలి అని. ఊరికే వచ్చిందనుకున్నావా? ఆ చదువుకి ఒక పేరుంది. ఆ పేరు లేకుండా నేను చేస్తూ పోతే, రేపు నా వెనక ఇంకొకరు ఈల మెడలో వేసుకుని వస్తారు. మంచివాళ్ళే వస్తారు. అదే భయం."

తర్వాత కళ్ళు తుడుచుకుని, "కారు పోనీ. బీన్స్ మాడిపోతాయి," అంది. పొయ్యి మీద బీన్స్ ఏమీ లేవు. పొద్దున్నుంచీ ఇంట్లోనే లేదు కదా.

మార్చి 10

జనవరిలో తాత పడ్డాడు. గాస్టన్, నేను కలిసి లేపాం. చెవి పక్కన రక్తం వచ్చింది. పడ్డాడు.

మార్చి 13

విట్‌కోమ్ కారు దగ్గర నిలబడ్డాను.

"నా అద్దం మీద కరపత్రం పెట్టింది మీరేనా?"

"అవును."

"మంచి గట్టి కాగితం. మంచు గీకడానికి పనికొచ్చింది."

క్షమాపణ చెబుదామని వెళ్ళాను. ఆమే మాట్లాడింది, గబగబా. గురువారం తను వస్తానంది. చికిత్స పథకం తనది, చార్టు తను చూస్తుంది, నిలబెట్టే ముందు రక్తపోటు తను చూస్తుంది. లేన్ మీద ఓవిలా పక్కన లోరెట్ ఉంటుంది, తన సహాయకురాలిగా. "నాకు ఆవిడలా చెడ్డగా ఆడటం రాదు. నేర్చుకోవాలి," అంది. ఆవిడేమో వచ్చే ఏడు మళ్ళీ పరీక్షకి కూర్చుంటుందట. విట్‌కోమ్ కింద శిక్షణట. నాకు నవ్వొచ్చింది, ఇద్దరం నవ్వాం.

అడ్డం ఒక్కటే. కౌంటీ విట్‌కోమ్‌కి వారానికి రెండు రోజులే ఇచ్చింది. మూడో రోజుకి కౌంటీ కమిషనర్లు ఒప్పుకోవాలి. లేకపోతే గురువారం ఇక లేనట్టే. డైరెక్టర్‌ని అడిగితే, వాళ్ళ సమావేశానికి ఎప్పుడూ ఎవరూ రారు, అడగనిది వాళ్ళెందుకు ఇస్తారు అన్నాడు. వాడు తెలియక ఒక మంచి మాట అన్నాడు.

మార్చి 15

డెక్‌స్టర్ షాపు.

"అమ్ముడుపోయావట."

"ఎవరికి?"

"బోర్డుకి."

"బోర్డు వాళ్ళు గాడిదలని ఇప్పటికీ అంటాను. ముసలావిణ్ణి మళ్ళీ పరీక్ష రాయమనడం గాడిదతనమే. కానీ మా తాత పడ్డాడు, డెక్‌స్టర్. ఆ సంగతి నీ కరపత్రాల్లో ఏ పేజీలో ఉంది?"

అతను టైరు గోడకి ఆనించాడు. "మిగిలిన కరపత్రాలు తిరిగి ఇచ్చెయ్," అన్నాడు. ఇవ్వలేదు. వెనక వైపు తెల్లగా ఉన్నాయి.

మార్చి 18

శనివారం. హోమ్ పెరట్లో మంచు మీద వేడి పాకం పోశారు. తాత పాకం ముద్దని ఫోర్కుకి చుట్టుకుని, పైన ఊరగాయ దోసకాయ కొరికాడు, నానమ్మ నేర్పిన పద్ధతి. గడ్డం మీద కారింది. నేను తుడవబోతే ఫోర్కుతో నా చెయ్యి నెట్టేశాడు. ఆ నెట్టడంలో మూడో మెషిన్ ఫోర్‌మన్ కనిపించాడు.

ఇంటికొచ్చి అటక వెతికాను. ఆకుపచ్చ చొక్కా దొరికింది. కర్పూరపు ఉండల వాసన. పసుపు దారం ఒక్క కుట్టు కూడా వదల్లేదు.

మార్చి 19

బిల్లు సంగతి ఏప్రిల్‌లో తేలుతుంది. అది రాజధాని పని. ఇది మాది. డెక్‌స్టర్ కాగితాల వెనక రాసినది ఇది. రేపు పంచుతాను. మొదట ఇక్కడ, నా కోసం:

"మిల్లు లీగ్‌లో ఆడినవాళ్ళకి, ఆడినవాళ్ళ పిల్లలకి, స్కోరు బల్ల మీద పెరిగినవాళ్ళకి. ఓవిలా బొల్డుక్ గురువారాల్లో మాత్రమే మాట్లాడతాడు. ఆ గురువారం ఉండాలంటే లైసెన్సు ఉన్న థెరపిస్టు వారానికి ఇంకొక్క రోజు రావాలి, లోరెట్ ఫెక్తో ఆమె పక్కన నిలబడాలి. అడిగితేనే ఇస్తారు. ప్రసంగాలు అక్కర్లేదు, నేను కూడా చెయ్యను. కమిషనర్ల సమావేశానికి వచ్చి కుర్చీల్లో కూర్చుంటే చాలు. కుర్చీలు చాలకపోతే మరీ మంచిది. ఏ మెషిన్ వాళ్ళు ఆ రంగు చొక్కా వేసుకోండి, బొత్తాలు పట్టకపోతే వదిలెయ్యండి. తాతా, నీది ఇస్త్రీ చేసి పెట్టాను. నీ కుడి పక్కన నేను నిలబడతాను. బుధవారం పొద్దున్న తొమ్మిది గంటలకి, కౌంటీ ఆఫీసు మెట్ల దగ్గర. అందరూ రండి."